మంటకు అవతలి పక్క

రొట్టెలమ్మాయి సైకిలును నడిపించుకుంటూ వచ్చింది గానీ, చూసేవాళ్ళకు సైకిలే ఆమెను పక్కకు ఈడ్చుకుపోతున్నట్టు ఉంది. వెనక చక్రం ఒక వైపుకు ఒరిగిపోయి, తిరిగినప్పుడల్లా ఫ్రేముకు రాసుకుని కీచుమంటోంది. ఆమెకు నలభై దాటాయి. బేకరీ ఇప్పుడు ఆమెదే. అయినా చిన్నప్పుడు తండ్రి వెనక క్యారియరు మీద కూర్చుని ఇంటింటికీ రొట్టెలు అందించిన రోజుల్లో పడ్డ పేరు ఆమెను వదల్లేదు.

“బాబాయ్, దీన్ని ఎలాగైనా బతికించాలి,” అంది గుమ్మంలో నుంచే.

మేస్త్రి స్టూలు మీద నుంచి లేచాడు. టైర్లూ బ్రేకులూ బాగుచేసే కొట్లు ఆ వీధిలో వేరే ఉన్నాయి. విరిగిన ఫ్రేములు, అరిగిపోయిన ఫ్రేములు వస్తే మాత్రం వాళ్ళు ఈయన దగ్గరికి పంపిస్తారు. ఆయన సైకిలును తలకిందులుగా నిలబెట్టి చక్రం ఊడదీశాడు. ఫ్రేము వెనక కొసన అటొకటి ఇటొకటి ఉన్న ఇనప రేకులను బొటనవేలితో తడిమాడు. చక్రం ఇరుసు కూర్చునే గాడి ఆ రేకుల్లోనే ఉంటుంది. ఒకప్పుడు ఇరుసును గట్టిగా పట్టుకున్న ఆ గాడి ఇప్పుడు ముసలివాడి నోరులా బోసిగా తెరుచుకుని ఉంది. కుడివైపు రేకు అంచు కాగితంలా పలచబడింది. దానికి పైన సన్నటి పగులు కూడా పట్టింది.

“రొట్టెలు మోసీ మోసీ అరిగింది. ఈ రెండూ కోసిపారేసి కొత్త రేకులు అతికిస్తే నీ మనవలు కూడా తొక్కుకోవచ్చు,” అన్నాడు.

“కొత్తవి వద్దు బాబాయ్. ఇది చూడు.” ఆమె చీర కొంగు తడిచేసి కుడి రేకు మీద మసి తుడిచింది. చిటికెన వేలి గోరంత పిట్ట బొమ్మ బయటపడింది. ఆ సైకిళ్ళు చేసిన కంపెనీ వేసిన ముద్ర. కంపెనీ ఎప్పుడో మూతబడింది. “నాన్న చక్రాల కంటే ముందు ఈ పిట్టను తుడిచేవాడు. ఇది పోతే నాకు సైకిలు పోయినట్టే.”

“అంత ముద్దయితే అద్దాల బీరువాలో పెట్టుకో.”

“బీరువాలోనా? నేను తొక్కుతాను. మోటారు బండి మీద పంచితే రొట్టెలకు పెట్రోలు వాసన కొడుతోందట. వీధిలో ముసలాళ్ళందరూ రొట్టెలు మానేసి నన్ను తింటున్నారు.”

లోపల నుంచి మేస్త్రమ్మ నవ్వు వినిపించింది. కొట్టుకూ వంటింటికీ మధ్య ఉన్నది ఒక్క గడపే. ఆవిడ ఆ గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

“పిన్నీ, నువ్వైనా చెప్పు బాబాయికి. నీ కూరగాయల గోల ఆపి.”

“చెప్పడానికేముంది? ఒప్పుకుంటాడు. ఒప్పుకోకపోతే ముందు ముడ్డి మీద చేతులు పెట్టుకుని వెనక్కి నడుస్తాడు. ఇప్పుడు చూడు, వంగే ఉన్నాడు.”

కూరగాయల గోల అంటే ఏమిటో ఆ వీధిలో అందరికీ తెలుసు. అంటే, తెలుసనే అనుకుంటారు. మేస్త్రి మంట వెలిగించి అతుకు పెట్టేటప్పుడు మేస్త్రమ్మ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటుంది. ఆయన ఇనుమును కాలుస్తూ ఉంటే ఆవిడ “బీట్‌రూటు” అంటుంది. కాసేపటికి “దానిమ్మ” అంటుంది. ఆ తర్వాత “టమాటా” అంటుంది. సాయంత్రం తేవలసినవి మొగుడికి గుర్తుచేస్తోందని జనం నవ్వుకుంటారు. ఒకసారి ఒక గుమాస్తా జాలిపడి, తన ఫ్రేము తీసుకెళ్ళడానికి వస్తూ సంచీడు టమాటాలు తెచ్చి గడప మీద పెట్టి వెళ్ళాడు.

అసలు సంగతి వేరు. మేస్త్రికి పుట్టుకతోనే ఎరుపు తెలియదు. పెళ్ళైన కొత్తలో ఆయన ఒక శాలువా తెచ్చి, “లేత ఆకు రంగు, నీ కోసమే వెతికి తెచ్చాను” అని ఆమె భుజాల మీద కప్పాడు. అది నెత్తురంత ఎర్రగా ఉంది. ఆమె వేళాకోళం అనుకుని నవ్వింది. ఆయన నవ్వలేదు. అప్పుడు ఆయన వేరేవాళ్ళ కొట్లో పనిచేస్తూ, ఇనుము ఎంత కాలిందో తెలియక మాడ్చేసి రోజూ తిట్లు తింటున్నాడు. ఇత్తడి అతుకు పెట్టడమంటే ఇనుము రంగు చూడటమే అని ఆ కొట్టు యజమాని సిద్ధాంతం. చీకటి ఎరుపు దాటాలి, మండే ఎరుపు రావాలి, అప్పుడు ఇత్తడి కడ్డీ తగిలించాలి. నారింజ రంగు వస్తే పని చెడినట్టే.

“రంగే కదా, నేను చెబుతాను,” అందామె. ఆమె తండ్రి కూరల బండి పెట్టుకుని బతికినవాడు. రంగులంటే ఆమెకు వచ్చిన మాటలు అవే: చీకటి ఎరుపు బీట్‌రూటు, దాని తర్వాతిది దానిమ్మ, కడ్డీ తగిలించాల్సిన మండే ఎరుపు టమాటా. ఆ మాటలు ఇంకెవరికీ అర్థం కాకపోవడం కూడా మంచిదే అయింది. ఎరుపు తెలియని మేస్త్రి చేతికి ఫ్రేము ఎవరిస్తారు?

అలా ఆ పీట ఆమెదైంది. పిల్లలు పుట్టారు, పెరిగారు, వెళ్ళారు. పీట మాత్రం మంటకు అవతలి పక్కనే ఉంది. రంగులకూ రంగులకూ మధ్య ఆవిడ “ఇటు… ఇంకాస్త ఇటు… నా వైపు చీకటిగా ఉందయ్యా” అని ఏదో ఒకటి గొణుగుతూనే ఉండేది. దాన్ని ఎవరూ పని కింద లెక్కవేయలేదు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి అలా మాట్లాడుతుందని ఆయనా అనుకున్నాడు, ఆవిడా అనుకుంది.

ఆ ఏడు మొదట్లో మేస్త్రమ్మ కళ్ళకు పొర కమ్మడం మొదలైంది. మొదట బల్బును తిట్టింది. మేస్త్రి బల్బు మార్చాడు. ఇంకా పెద్దది పెట్టమంది, పెట్టాడు. తర్వాత కిటికీ అద్దాలను తిట్టింది. ఆయన అద్దాలు కడిగాడు. లోకమంతా పలచటి టీ నీళ్ళలో ముంచి తీసినట్టు కనిపిస్తోందని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆవిడకు తెలుసు. కళ్ళ డాక్టరు నిప్పు దగ్గరికి పోవద్దంటాడు. తను రంగు చెప్పకపోతే ఆయన మంట పట్టుకోలేడు. మంట పట్టుకోకపోతే ఆయన గుమ్మంలో కూర్చుని వీధి చూస్తూ ఒక్క ఏడాదిలో ముసలివాడైపోతాడు. దానికి మించిన భయం ఇంకొకటి ఉంది. అది తనలో తను కూడా పైకి అనుకునేది కాదు. రంగు చెప్పలేకపోతే ఆ పీట మీద తనకేం పని?

ఎడమ రేకు పని సాఫీగా జరిగింది. అరిగిన గాడిలో కాస్త ఇత్తడి నింపి, ఆకురాయితో రాసి ఇరుసుకు సరిపడేలా తేల్చడమే కాబట్టి పెద్ద మంట అవసరం రాలేదు. కుడి రేకు అలా కాదు. పగులు మూయాలి, పలచబడ్డ అంచుకు కండ పట్టించాలి.

మేస్త్రి ఫ్రేమును బల్లకున్న పట్టకారులో బిగించాడు. ఇత్తడి సాఫీగా పారడానికి వెలిగారం పొడిని ముద్ద చేసి రేకుకు పూశాడు. మంట వెలిగించి, నీలంగా సూదిలా చేశాడు. మేస్త్రమ్మ పీట మీద కూర్చుని మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి కళ్ళు చికిలించింది. రొట్టెలమ్మాయి పిట్ట ఉన్న రేకు. ఆ రోజు ఆవిడ గొణగలేదు. రంగు ఒక్కటి దొరికితే చాలని కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తోంది.

“బీట్‌రూటు,” అంది.

ఆయన మంటను అక్కడే తిప్పుతూ ఉన్నాడు. ఆవిడ చూస్తోంది. మంట వెనక ఏదో మసక ముద్ద. అది ఇంకా నల్లగానే ఉన్నట్టుంది. ఆయన కడ్డీ పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఆయన చెంప మీదుగా చెమట కారి గడ్డం దగ్గర ఆగింది.

“ఇంకా బీట్‌రూటే,” అంది ఆవిడ. తర్వాత, “ఆ… దానిమ్మ.”

తెల్లటి పొగ లేచింది. పాత ఇత్తడి మండే ఘాటు వాసన ఇద్దరి ముక్కులకూ తగిలింది. ఆవిడ “తియ్యి!” అని అరిచింది. ఆయన మంట తీశాడు. అప్పటికే రేకు అంచు మైనంలా జారి, చిన్న బొట్టై నేల మీద పడి, అటూ ఇటూ దొర్లి నల్లబడింది.

మేస్త్రి మంట ఆర్పేశాడు. “నా చెయ్యి వణికింది,” అన్నాడు. “మంట పెద్దదైపోయింది.”

సాయంత్రం రొట్టెలమ్మాయి వచ్చినప్పుడు కూడా ఆయన అదే చెప్పాడు. “పాడుచేశాను తల్లీ. తప్పు నాదే.” ఆమె ఆ రేకును చూసి పెదవి కొరుక్కుంది. తిట్టడానికి నోరు తెరిచింది, మేస్త్రి తల చూసి మూసుకుంది. ఆ తల అంతగా వంగి ఉండటం ఆమె ఎప్పుడూ చూడలేదు.

“పిట్ట?” అంది చివరికి.

“పిట్టకేం కాలేదు. గాడి పక్కన కరిగింది, అంతే. కాలిన మేరకు కోసేసి, కొత్త ముక్కను మెట్టులా చెక్కి, పాతదాని మీద కూర్చునేలా అతికిస్తాను. పిట్ట ఉన్న చోటే ఉంటుంది.”

“పిట్ట ఉంటే చాల్లే బాబాయ్. తోక కొత్తదైతే మాత్రం ఏం?” అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగింది. వెళ్తూ గడప మీద రోజూలాగే నిన్నటి బన్నుల పొట్లం పెట్టి వెళ్ళింది.

ఆ పొట్లం ఇద్దరిలో ఎవరూ విప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం వంటింట్లో మేస్త్రమ్మ గరిటె దించి అడిగింది. “తెల్లపొగ దాకా ఎందుకు పోనిచ్చావు?”

“చెప్పాను కదే. చెయ్యి వణికింది.”

“నీ చెయ్యి వణికితే నేను చూడనా? నీ చెయ్యి రాయిలా ఉంది. వణికింది నా గుండె.” ఆవిడ గరిటెను గిన్నె అంచుకు కొట్టింది. “నాకు కనబడలేదయ్యా. ఎంత చూసినా చీకటిగానే ఉంది. నా కళ్ళు పోతున్నాయి.”

“తెలుసు.”

“తెలుసా?”

“తెలియకేం? బల్బు మీద బల్బు పెంచుకుంటూ పోతున్నాను. కరెంటువాడు మీటరు చూసి కోళ్ళఫారం పెట్టారా అని అడిగాడు.”

ఆవిడకు నవ్వు రాలేదు. “తెలిసి కూడా నా నోటి మాట కోసం ఆగావా?”

“దాటిపోతోందని తెలుస్తూనే ఉంది. కానీ నువ్వు టమాటా అనలేదుగా.”

“అనలేదు సరే. అది టమాటా దాటిపోయిందని నీకెలా తెలుసు? నీకు ఎరుపే తెలియదు కదా!”

మేస్త్రి తేలు కుట్టిన దొంగలా గోడ వైపు చూశాడు. ఆవిడ ఊరుకోలేదు. ఎదురుగా వెళ్ళి నిలబడింది. ఆయన గోడను వదిలి కిటికీ చూశాడు, ఆవిడ కిటికీకి అడ్డం వచ్చింది.

“వెలిగారం,” అన్నాడు ఆయన చివరికి. “వేడెక్కితే ముందు నురగ కడుతుంది. తర్వాత నురగ చచ్చిపోతుంది. చచ్చి, గాజులా తేటగా మెరుస్తుంది. అప్పుడు కడ్డీ తగిలిస్తే ఇత్తడి తనంతట తనే పరిగెత్తుతుంది. రంగుతో పని లేదు.”

“ఎప్పటి నుంచి తెలుసు నీకు?”

“పెద్దది పుట్టి నువ్వు ఆసుపత్రిలో ఉన్నావే, అప్పుడు ఒకాయన తొందరపెట్టి ఫ్రేము ఇచ్చి వెళ్ళాడు. నువ్వొచ్చేదాకా ఆగలేక చేశాను. అప్పుడు కనిపెట్టాను.”

పెద్దదానికి ఇప్పుడు పెళ్ళీడు పిల్లలున్నారు.

“మరి ఇన్నేళ్ళూ నన్ను ఆ పొగలో ఎందుకు కూర్చోబెట్టావయ్యా?”

“ఇంటికి రాగానే పిల్లను చంకనేసుకుని వచ్చి నీ అంతట నువ్వే పీట వేసుకున్నావు. నువ్వు ఎదురుగా కూర్చుంటే బాగుంటుంది. అందుకే ఊరుకున్నాను,” అన్నాడు మేస్త్రి. తన జీవితంలో పెళ్ళానికి చెప్పిన తియ్యటి మాట ఇదేననుకున్నాడు. కాస్త మురిసిపోయాడు కూడా.

ఆవిడ ముఖం చూశాక ఆ మురిపెం దిగిపోయింది.

“అంటే నేను ఊరికే కూర్చున్నానన్నమాట,” అందావిడ మెల్లగా. “నేను లేకపోతే నీ పని ఆగిపోతుందని, ఒళ్ళు కాలే జ్వరంలో కూడా లేచొచ్చి కూర్చునేదాన్ని. అక్కడ నేనున్నా ఒకటే, పిల్లి ఉన్నా ఒకటే.”

“అది కాదే పిచ్చిదానా…”

“పిచ్చిదాన్నే. లేకపోతే ఇన్నేళ్ళు పొయ్యి ముందు కూర్చుని కూరల పేర్లు చదువుతానా?”

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మేస్త్రి వెనకే తిరుగుతూ ఏవేవో చెప్పబోయాడు. ఆవిడ గిన్నెల చప్పుడు పెంచింది. ఆ రోజు నుంచి వంట వండింది, పెట్టింది, అడిగినదానికి ఊ అంది. గడప దాటి కొట్లోకి మాత్రం అడుగుపెట్టలేదు. పీటను మేస్త్రే తుడిచి, అవతలి పక్క పెట్టి, సాయంత్రం దాకా చూసి, మళ్ళీ గోడకు ఆనించేవాడు.

కొత్త ముక్క కోయడం, ఆకురాయి పట్టడం, పాత రేకు మీద వెలుతురు కూడా దూరనంతగా కూర్చోబెట్టడం ఆయన ఒక్కడే చేసుకున్నాడు. అతుకు పెట్టే రోజు వచ్చింది. ఆవిడ వంటింట్లో ఉండి మంట బుస్సుమనడం విన్నది. లేవబోయి కూర్చుంది. మంట ఆరిన చప్పుడు కూడా విన్నది. తెల్లపొగ వాసన రాలేదు. “చూశావా, నువ్వు లేకపోయినా అయిపోయింది,” అని తనకు తనే చెప్పుకుని, అక్కడే ఉన్న ఉల్లిపాయను కోయడం మొదలుపెట్టింది. కళ్ళు తుడుచుకోవడానికి అదొక సాకు.

కాసేపటికి మేస్త్రి ఫ్రేము మొత్తాన్ని ఎత్తుకుని గడప దగ్గరికి వచ్చాడు. అది తలుపులో పట్టక అడ్డం తిరిగింది.

“ఏమే, ఒకసారి చూడు.”

“ఏం, రంగు చెప్పాలా?”

“చల్లారిందే. ముట్టుకుని చూడు.”

ఆవిడ చెయ్యి తుడుచుకుని వచ్చింది. కళ్ళతో చూసే ప్రయత్నం చేయలేదు. అతుకు మీద వేలు నడిపించింది. బయటి వైపు ఇత్తడి నున్నగా, దువ్వినట్టుగా ఉంది. “బాగా వచ్చింది,” అంది. అలక ఉన్నా అబద్ధం చెప్పడం ఆవిడకు చేతకాదు. తర్వాత వేలు రేకు లోపలి వైపుకు, చక్రం ఉండే పక్కకు జారింది. అక్కడ ఆగింది. గోరు పెట్టింది. గోరు సందులోకి దిగింది.

“ఇటు పక్క అందలేదు.”

“ఏదీ?”

“ఇదిగో, కొత్తదీ పాతదీ కలిసిన చోట. గోరు దూరుతోంది. నీ వైపు పారింది గానీ లోపలికి రాలేదు. రెండు బుట్టలు పెడితే ఊడి వస్తుంది.”

మేస్త్రి ఫ్రేము తిప్పి వెలుతురులో పెట్టి చూశాడు. నిజమే. అంచు పొడుగునా నల్లటి గీత. ఆయన అలాగే నిలబడిపోయాడు. ఆయన ముఖంలో సిగ్గు కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది.

“నా వైపు వెలిగారం గాజైంది. అంతే చూశాను. అటు వైపు నాకు కనబడదు కదా. మరి ఎప్పుడూ రాని తేడా ఇప్పుడెందుకొచ్చింది?”

ఆవిడకు వెంటనే అందింది. “నేను తిప్పమనలేదు కదా.”

“ఎప్పుడు తిప్పమనేదానివి?”

“ఎప్పుడూ! ఇటు, ఇంకాస్త ఇటు, నా వైపు చీకటిగా ఉంది అని… గొణగద్దు అని నువ్వు విసుక్కునేవాడివి.”

“విసుక్కుంటూనే తిప్పేవాణ్ణి,” అన్నాడు మేస్త్రి.

ఆవిడ అనుమానంగా చూసింది. “నన్ను బుజ్జగించడానికి కావాలని వదిలేశావా ఏంటి?”

“నిన్ను బుజ్జగించాలంటే నాలుగు మంచి మాటలు చెబుతాను.”

“నీకు రావు.”

“రావు. అయినా రొట్టెలమ్మాయి రేకును రెండోసారి పాడుచేస్తానటే? ఆ పిట్ట నన్ను పొడిచి చంపదూ?”

అది నిజమని ఆవిడకు తెలుసు. పనిలో అబద్ధం ఆడే మనిషి కాదు. రంగుల విషయంలో ఆయన ఇన్నేళ్ళూ ఆమెను మోసం చేసి ఉండొచ్చు. ఆ పీట విషయంలో మాత్రం ఇద్దరూ మోసపోయారు. ఆవిడ చేసిన పని వేరు, చేస్తున్నాననుకున్న పని వేరు.

ఆవిడ కొంగు బొడ్లో దోపి గడప దాటింది. పీట తెచ్చుకుని తనే వేసుకుంది.

“నా కళ్ళకు రంగు తెలియదు, ముందే చెబుతున్నా. మెరుపైతే తెలుస్తుంది. దీపాల చుట్టూ లేనిపోని మెరుపులు కూడా కనబడి చస్తున్నాయి.”

“మెరుపే చాలు. నేను ఇటు చూస్తాను, నువ్వు అటు చూడు.”

ఫ్రేము మళ్ళీ పట్టకారులోకి ఎక్కింది. కొత్తగా వెలిగారం పూశారు, లోపలి వైపు కూడా. మంట వెలిగింది. ఈసారి ఆవిడ కళ్ళు చికిలించలేదు, వత్తులు వేసుకోలేదు. ఎప్పుడూ కూర్చున్నట్టే కూర్చుంది. మంట వెనక మసకలో నురగ కట్టి, అణిగి, తడి తడిగా ఏదో తళుక్కుమనడం మొదలైంది.

“నీ వైపు ఎలా ఉంది?” అంది.

“గాజైంది.”

“ఇటు ఇంకా నురగే. కడ్డీ పెట్టకు. ఇటు తిప్పు… ఇంకాస్త. అబ్బ, మోచెయ్యి ఎత్తవయ్యా, నాకు అడ్డం. ఆ. అక్కడే ఉంచు.”

“ఉంచాను.”

“తళుక్కుమంది. పెట్టు.”

ఆయన తన వైపు కడ్డీ తగిలించాడు. ఇత్తడి కరిగి సందులోకి దూరింది. ఆయనకు కనబడకుండా పోయింది. అవతల, ఆవిడ వైపు, రేకు అంచు పొడుగునా ఒక మెరిసే గీత పాకుతూ వచ్చింది.

“వచ్చింది!” అంది ఆవిడ. “వచ్చేసిందయ్యా, ఈ కొస నుంచి ఆ కొస దాకా. ఇక చాలు.”

ఆయన వెంటనే మంట తీసేశాడు.

చల్లారాక ఆవిడే వేడినీళ్ళు పెట్టి, గాజులా గట్టిపడిన వెలిగారాన్ని కడిగి వదిలించింది. ఆయన గాడిని ఆకురాయితో తేల్చాడు. ఆవిడ వేళ్ళు పెట్టి చూసి, ఇక్కడ ఎత్తుగా ఉంది, అక్కడ చాలు అని చెబుతూ వచ్చింది. పని సగంలో ఉండగా ఆయన ఆకురాయి ఆపాడు.

“రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దాం.”

“ఆపరేషనంటాడు. నిప్పు దగ్గరికి వెళ్ళద్దంటాడు.”

“అనక ముద్దు పెట్టుకుంటాడా?”

“అప్పుడు ఇక్కడ ఎవరు కూర్చుంటారు?”

ఆయన ఆకురాయి తీసుకుని మళ్ళీ పనిలో పడ్డాడు. ఆవిడకు ఆ మౌనం నచ్చలేదు. నెల రోజులు తను లేకుండా గడిచిపోతే ఆయన ఒక అద్దం తెచ్చి అటు పక్క పెట్టుకుంటాడేమో. అవతలి వైపు చూడటానికి మనిషే ఎందుకు, అద్దం చాలదూ? ఆ ఆలోచన ఆవిడను ఆసుపత్రి వరండాలో కూడా వదల్లేదు. డాక్టరు చూసి, రెండు కళ్ళకూ పొర ముదిరిందని, వారంలో ఒకదానికి ఆపరేషను చేసేద్దామని చెప్పాడు. వేడికీ పొగకూ నెల రోజులైనా దూరంగా ఉండాలన్నాడు. అన్నిటికీ తల ఊపింది గానీ, వింటున్నది డాక్టరు మాట కాదు.

రొట్టెలమ్మాయి సైకిలు కోసం వచ్చేసరికి మేస్త్రి కొట్టు తలుపు మీద సుద్దముక్కతో రాస్తున్నాడు. ఆమె పైకి చదివింది. “నెల రోజుల పాటు నిప్పు పని చేయబడదు. చువ్వలు, బేరింగులు, బ్రేకులు మాత్రమే.”

“అదేంటి బాబాయ్? ఒంట్లో బాగాలేదా?”

“నాకేం, దున్నపోతులా ఉన్నాను. మీ పిన్నికి కళ్ళ ఆపరేషను.”

“ఆపరేషను పిన్నికి కదా? మంట పట్టుకునేది నువ్వు కదా?”

లోపల మేస్త్రమ్మ ఆసుపత్రికి సంచి సర్దుతోంది. ఆవిడ చెయ్యి ఆగింది. ఆయన ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాడని, ఇంట్లో వంట చూసుకోవాలనో, తోడు ఉండాలనో అంటాడని అనుకుంది. ఇన్నేళ్ళూ ఆ కొట్టు గుమ్మం దాటని మాట ఒకటుంది. అది దాటితే రేపటి నుంచి ఫ్రేములు వస్తాయో రావో. ఆవిడ వద్దన్నట్టు గట్టిగా దగ్గింది.

“పట్టుకునేది నేనే,” అన్నాడు మేస్త్రి. “నాకు ఎరుపు తెలియదు తల్లీ, పుట్టుకతోనే. అవతలి పక్క ఎటూ కనబడదు. చూసేది ఆవిడ. మొన్న ఆవిడ లేకుండా ఒకసారి పెట్టాను, నీ రేకే. గోరు దూరింది. అందుకే ఆవిడ వచ్చేదాకా నిప్పు ముట్టను.”

రొట్టెలమ్మాయి ఆయన్ను చూసింది, గడప వైపు చూసింది. వంగి రేకును చూసింది. పిట్ట ఉన్న చోటే ఉంది, దాని కింద బంగారు దారంలా ఇత్తడి గీత. ఆమె గోరు పెట్టింది, బయట ఒకసారి, లోపల ఒకసారి. గోరు దూరలేదు. సైకిలెక్కి వీధి చివరిదాకా తొక్కుకుంటూ వెళ్ళింది. మలుపు దగ్గర కనబడకుండా పోయింది.

మేస్త్రమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. “వెళ్ళిపోయింది చూడు. ఇక ఊరంతా చాటుతుంది. ఎవడు చెప్పమన్నాడయ్యా నిన్ను?”

“చాటనీ.”

సైకిలు మలుపు తిరిగి వెనక్కి వచ్చింది. రొట్టెలమ్మాయి ముఖం ఎర్రగా కందింది, జుట్టంతా రేగింది. “కీచుమనట్లేదు పిన్నీ! వెన్నలా వెళ్తోంది!” అని దూరం నుంచే అరిచింది. ఆయాసంతో కాలు కింద పెట్టి ఆగింది. “ముందు ఫోర్కు కూడా కాస్త ఊగుతోంది. ఇప్పుడొద్దులే. నీ కళ్ళు బాగయ్యాక తెస్తాను. నువ్వు కూర్చున్న రోజే చేయించుకుంటాను, బాబాయి ఒక్కడే ఉంటే ఇవ్వను.”

“అలా గడ్డి పెట్టు,” అంది మేస్త్రమ్మ. సంచి కోసమన్నట్టు గబగబా లోపలికి వెళ్ళింది. మళ్ళీ బయటికొచ్చి, తలుపు మీద తెల్లటి మసకలా కనిపిస్తున్న రాతకు ముఖం దగ్గరగా పెట్టి చూసింది.

“నెలని రాశావు. డాక్టరు ఇంకా ఎక్కువ రోజులంటే?”

“తుడిచి మళ్ళీ రాస్తాను,” అన్నాడు మేస్త్రి. ఆవిడ చేతిలో సంచి అందుకుని, అడుగు చూసుకోమని రెండో చెయ్యి ఇచ్చాడు.